ఫాంటసీ నవలలో ఆధ్యాత్మిక ప్రతీక: పట్టుకోవడం, తూచి చూడటం

మంచి ఫాంటసీ నవల మూసేసరికి పైకి కనిపించే కథ వెనక ఇంకేదో ఉందని అనిపిస్తుంది. ఆ అనిపించినదాన్ని రుజువు దాకా తీసుకెళ్లడానికి ఓ పద్ధతి ఉంది. ఆన్‌లైన్‌లో కనిపించే వ్యాఖ్యానాల్లో ఎక్కువ భాగం పోలిక దగ్గరే ఆగిపోతాయి: ఫలానా పాత్ర చనిపోయి తిరిగొచ్చింది కాబట్టి క్రీస్తు, గడ్డం పెంచిన ముసలాయన కాబట్టి గురువు, పాము కాబట్టి కుండలిని. ఒక వస్తువును ప్రతీక అనాలంటే మూడు విషయాలు తేలాలి. రచయిత పెరిగిన సంప్రదాయంలో దానికి ఆ అర్థం ఉండాలి. కథలో అది ఆ అర్థానికి తగిన పని చెయ్యాలి, దాన్ని తీసేస్తే కథ కుంటుపడాలి. దాన్ని తీసేస్తే కథ కుంటుపడాలి. కింద చెప్పేదంతా ఈ మూడింటినీ ఎలా తేల్చుకోవాలన్నదే. ఉదాహరణలుగా తీసుకున్న నవలల ముగింపులు ఇందులో బయటపడతాయి, చదవనివాళ్లు గమనించండి.

ముందు పురంజనుడి కథ

ఇంగ్లీషు నవల తెరిచేముందు భాగవతం నాలుగో స్కంధంలోని పురంజనోపాఖ్యానం చదవండి. పోతన తెలుగులో ఉంది, వచనంలోనూ దొరుకుతుంది. నారదుడు ప్రాచీనబర్హికి చెప్పిన కథ ఇది. పురంజనుడనే రాజు తొమ్మిది వాకిళ్ల పట్టణంలో చేరతాడు. అక్కడ ఒక సుందరి, ఆమె పరివారం, ఊరికి కాపలాగా అయిదు పడగల పాము. తర్వాత చండవేగుడు మూడు వందల అరవైమంది గంధర్వులతో, అంతేమంది గంధర్వస్త్రీలతో వచ్చి ఊరిని దోచడం మొదలుపెడతాడు. కాలకన్య వచ్చి రాజును పట్టుకుంటుంది.

కథ అయ్యాక నారదుడు తనే తాళం తీస్తాడు. పట్టణం శరీరం, పురంజనుడు జీవుడు, సుందరి బుద్ధి, పాము ప్రాణం, చండవేగుడు సంవత్సరం, అతని బలగం పగళ్లూ రాత్రులూ, కాలకన్య ముసలితనం. ఆ వివరణ వచ్చే చోటికి ముందే పుస్తకం మూసేసి మీ ఊహలు కాగితం మీద రాయండి, తర్వాత నారదుడి జవాబులతో సరిచూసుకోండి. తొమ్మిది వాకిళ్లు ఎవరైనా చెప్పేస్తారు. మూడు వందల అరవై దగ్గర చాలామంది తడబడతారు, ఎందుకంటే సంఖ్య చూడగానే సంఖ్యాశాస్త్రం వైపు వెళ్లిపోతారు గాని, ఆ గుంపు కథలో ఏం చేస్తోందని అడగరు. వాళ్లు వంతులవారీగా ఊరిని కొద్దికొద్దిగా దోస్తారు. ఆ పని చూస్తే రోజులని తెలిసిపోతుంది. జవాబులు కూడా ఇచ్చేసిన అభ్యాసం ఇంత మంచిది మరొకటి లేదు.

అయితే ఇది అన్యాపదేశ కథ. ఒక్కో వస్తువుకు ఒక్కటే అర్థం, అదీ చెప్పినవాడే ఇచ్చాడు. మీరు చదవబోయే నవలలు చాలావరకు ఇలా నడవవు. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రెండో ముద్రణ ముందుమాటలో టోల్కిన్ అన్యాపదేశం తనకు నచ్చదని సూటిగా రాశారు. అన్వయించుకునే స్వేచ్ఛ పాఠకుడిది, అన్యాపదేశంలో మాత్రం రచయిత తన అర్థాన్ని పాఠకుడి మీద రుద్దుతాడు, తేడా అదీ అన్నారు. ఆ నవలలో లోకాన్ని లొంగదీసుకునే ఉంగరం అంటే అణుబాంబు అనే వాదానికీ అక్కడే జవాబు ఉంది: తన కథ రెండో ప్రపంచయుద్ధాన్ని పోలి ఉంటే ఉంగరాన్ని నాశనం చేయరు, పట్టుకుని శత్రువు మీద వాడతారు అని. కాబట్టి పురంజనుడి కథకు గీసినట్టు ఎడమపక్క వస్తువు, కుడిపక్క అర్థం అంటూ పట్టిక గీయడం ఇక్కడితో ఆపేయాలి.

రచయిత ఏ నేల మీద నిలబడ్డారు

పేరున్న నలుగురిని పక్కపక్కన పెట్టి చూస్తే ఇదెంత అవసరమో అర్థమవుతుంది.

టోల్కిన్ కాథలిక్. 1953 డిసెంబరులో జెస్యూట్ ఫాదర్ రాబర్ట్ మర్రేకి రాసిన ఉత్తరంలో, తన నవల మౌలికంగా మతపరమైనదీ కాథలిక్‌దీ అనీ, మొదట తెలియకుండానే అలా వచ్చిందనీ, తిరగరాసేటప్పుడు తెలిసే చేశాననీ చెప్పారు. సి.ఎస్. లూయిస్ నాస్తికత్వం నుంచి 1931లో క్రైస్తవంలోకి తిరిగొచ్చిన ఆంగ్లికన్. ఆ మార్పులో టోల్కిన్‌తో జరిగిన సంభాషణకూ పాత్ర ఉంది. నార్నియా కథల్లో సింహం ఆస్లాన్‌ను ఆయన అన్యాపదేశం అనలేదు. నార్నియాలాంటి లోకం నిజంగా ఉంటే క్రీస్తు అక్కడ ఏ రూపంలో ఉండేవాడు అనే ఊహగా వివరించారు. ఉర్సులా లె గ్విన్ చదువు చైనా దావోయిజంలో సాగింది. 1997లో దాని మూలగ్రంథం ‘దావ్ దె జింగ్’కు తన సొంత ఇంగ్లీషు రూపం కూడా ప్రచురించారు. ఫిలిప్ పుల్‌మన్ చర్చిని బాహాటంగా విమర్శించే నాస్తికుడు. ఆయన మూడు నవలల వరుసకు పెట్టిన ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’ అనే పేరు మిల్టన్ కావ్యం ‘పారడైజ్ లాస్ట్’లోది.

ఇప్పుడు ఒకే ఘట్టాన్ని నలుగురి దగ్గరా ఊహించండి. నిషిద్ధ ఫలం లూయిస్‌లో పతనం వైపు లాగుతుంది, పుల్‌మన్‌లో ఎదగడం వైపు నడిపిస్తుంది. నీడ టోల్కిన్‌లో ఓడించాల్సిన శత్రువు. లె గ్విన్ 1968 నవల ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ చివర గెడ్ తనను తరిమిన నీడను తన పేరుతోనే పిలుస్తాడు, ఇద్దరూ ఒకటవుతారు. ఎవరూ ఎవరినీ గెలవరు. ఆ ముగింపును క్రైస్తవ కళ్లద్దాలతో చదివితే మంచి చెడు మీద గెలిచిందని రాసేస్తారు, నవల ప్రాణం అక్కడే పోతుంది. అందుకే నవల మొదలుపెట్టేముందు ఒక పేజీ రాసుకోండి: రచయిత ఏ విశ్వాసంలో పెరిగారు, రాసేనాటికి ఏం నమ్మేవారు, ఈ పుస్తకం గురించి ఉత్తరాల్లో, ముందుమాటల్లో, ఇంటర్వ్యూల్లో ఏమన్నారు. అభిమానుల వ్యాఖ్యలు ఆ పేజీలో వద్దు.

చదివి ఉంచుకోవాల్సినవి

టోల్కిన్, లూయిస్, ‘హ్యారీ పోటర్’ రచయిత్రి రౌలింగ్, పుల్‌మన్‌లలో ఎవరిని చదవాలన్నా బైబిలు తెలియకపోతే పని కాదు. మొత్తం అక్కర్లేదు. ఆదికాండము మొదటి మూడు అధ్యాయాలు, నిర్గమకాండములో 12, 20, 32, కీర్తనల్లో 23, యెషయా 53, మార్కు సువార్త (పదహారు చిన్న అధ్యాయాలే), యోహాను సువార్త చివరి నాలుగు అధ్యాయాలు, 1 కొరింథీయులకు 15, ప్రకటన గ్రంథము చివరి రెండు అధ్యాయాలు. తెలుగు బైబిలులో చదివితే విషయం బాగా పడుతుంది. పక్కన ఇంగ్లీషులో కింగ్ జేమ్స్ ప్రతి పెట్టుకోండి, ఎందుకంటే రచయితలు చాలాసార్లు ఆ మాటల్నే వాడతారు. పుల్‌మన్‌కు దీనితోపాటు ‘పారడైజ్ లాస్ట్’ మొదటి రెండు, తొమ్మిదో భాగాలు కావాలి. లె గ్విన్‌కు ‘దావ్ దె జింగ్’ ఒక్కటి చాలు: ఎనభై ఒక్క చిన్న అధ్యాయాలు.

రౌలింగ్‌కు ఇంకొకటి చేర్చాలి: యూరప్ రసవాదం. మొదటి నవల పేరులోనే పరుసవేది ఉంది. అందులో వచ్చే నికొలా ఫ్లమెల్ 1418లో చనిపోయిన నిజమైన పారిస్ లేఖకుడు, రసవాదిగా పేరు తర్వాత అంటగట్టారు. పరుసవేది అంటే ఏమిటో వేమన గురించిన కథలు విన్న మనవాళ్లకు చెప్పక్కర్లేదు, లోహశుద్ధి చిత్తశుద్ధికి గుర్తు కావడం కూడా కొత్తేమీ కాదు. యూరప్ రసవాదుల ప్రక్రియలో ముఖ్యమైన మూడు దశల రంగులు మాత్రం గుర్తుపెట్టుకోండి: నలుపు, తెలుపు, ఎరుపు.

రెండుసార్లు చదవడం

మొదటిసారి పెన్సిలు ముట్టుకోవద్దు. కథ మిమ్మల్ని ఎక్కడ కదిలించిందో తెలియకుండా ప్రతీకలు వెతికితే, కథకు అక్కర్లేని వస్తువులే పోగవుతాయి.

రెండోసారి, ఒక్కసారి కూర్చున్నప్పుడు మూడు నాలుగు అధ్యాయాలు మించకుండా, నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీసి చదవండి. అధ్యాయం, వస్తువు లేదా సంఘటన, అది కథలో చేసిన పని, నాలుగోది అందరూ వదిలేసేది: దాన్ని ఎవరు వాడగలరు, ఎవరు వాడలేరు. రాసుకోవాల్సినవి ముఖ్యంగా ఇవి: తిండి, నీళ్లలో దిగడం, వెలుగు, పేర్లు, తేదీలు, సమాధులు, గుమ్మాలు, వద్దని వదిలేసిన ఆయుధం లేదా అధికారం, చంపగలిగీ చంపకపోవడం. అర్థం గడి గీయొద్దు. ఊహ ముందే రాసుకుంటే తర్వాతి మూడు వందల పేజీలూ దానికి సాక్ష్యాలే కనిపిస్తాయి, వ్యతిరేకమైనవి కంటికి ఆనవు. పుస్తకం పూర్తయ్యాక ఆ గళ్లు తిరగేసి, రెండుసార్లకన్నా ఎక్కువ వచ్చినవీ, కథ మలుపులో నిలబడ్డవీ మాత్రం వేరే పేజీలోకి ఎక్కించండి. ఈ-బుక్ ఉంటే ఆ మాటను వెతికి, వచ్చిన ప్రతి చోటూ చూడండి.

సినిమా చూసి నోట్సు రాయొద్దు. 2003లో వచ్చిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చివరి సినిమా ‘ది రిటర్న్ ఆఫ్ ది కింగ్’లో, ఉంగరాన్ని నాశనం చేయడానికి మోసుకొచ్చిన ఫ్రోడో దానికోసం వెంటాడిన గొల్లమ్‌తో పెనుగులాడి, ఆ పెనుగులాటలో గొల్లమ్ ఉంగరంతో సహా పడిపోతాడు. నవలలో ఉంగరం చేజిక్కిన గొల్లమ్ సంతోషంతో గంతులు వేస్తూ తనంతట తనే కాలు జారి పడతాడు. ఆ తేడా చిన్నది కాదు, కింద చూస్తారు.

తూచి చూసే తీరు: రొట్టె, తేదీ, జాలి

టోల్కిన్ నవలలో ఎల్ఫులు ప్రయాణానికి ఇచ్చే లెంబాస్ అనే రొట్టె తీసుకుందాం. మీ నాలుగు గళ్లలో ఇది ఇలా నిండుతుంది. ఆకుల్లో చుట్టి ఇస్తారు, ఒకటి తింటే మనిషి రోజంతా నడవగలడు. గొల్లమ్ నోట్లో పెట్టుకోలేడు, వాడికి దుమ్ములా ఉంటుంది. శత్రుసైనికులైన ఓర్కులకు అది అసహ్యం. శత్రువు దేశమైన మోర్డోర్‌లో అది తప్ప వేరే తిండి లేనప్పుడు దాని శక్తి ఇంకా పెరుగుతుంది, నాలుకకు తృప్తినివ్వదు గాని మనసుకు పట్టుదలనిస్తుంది.

ఇప్పుడు సంప్రదాయం వైపు చూడండి. కాథలిక్కులు మరణానికి దగ్గరైనవాళ్లకు కడపటి ప్రయాణపు బత్తెంగా దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా నమ్మే రొట్టె) ఇస్తారు. ఉపవాసంతో స్వీకరించడం, అయోగ్యుడికి అది మేలు చేయకపోవడం, చూడటానికి మామూలు రొట్టె కావడం అన్నీ సరిపోతాయి. మూడోది రచయిత మాట. 1958లో రాసిన ఒక ఉత్తరంలో టోల్కిన్, ఒక విమర్శకుడు ఇదే పోలిక చూశాడని చెప్పి కాదనలేదు. గొప్ప విషయాలు మనసులో ఉన్నప్పుడు చిన్న కథలోని చిన్న వస్తువులకు వాటి రంగు అంటుకుంటుందన్నారు. మూడూ కలిశాయి కాబట్టి ఇది గట్టి రుజువు. అయినా రాసేటప్పుడు ‘లెంబాస్ అంటే దివ్యసత్ప్రసాదం’ అని రాయొద్దు. లెంబాస్‌కు దాని గుణాలు ఉన్నాయి, అంతవరకే. ఇక్కడ దేవుడు రొట్టె రూపంలో లేడు.

తేదీ విషయం ఇంకా బాగుంటుంది. నవల అనుబంధంలోని కాలపట్టిక ప్రకారం ఉంగరం మోసే బృందం డిసెంబరు 25న బయల్దేరుతుంది, ఉంగరం మార్చి 25న నశిస్తుంది. మొదటిది ఎవరికైనా కనిపిస్తుంది. రెండోదాని బరువు తెలియాలంటే మార్చి 25 గాబ్రియేలు దూత మరియమ్మకు వార్త చెప్పిన పండుగ అనీ, పాత సంప్రదాయంలో క్రీస్తును సిలువ వేసిన రోజుగానూ దాన్ని లెక్కించేవారనీ తెలియాలి. ఇంగ్లండులో 1752కు ముందు చట్టరీత్యా సంవత్సరాది కూడా ఆ రోజే. నవలలో మాంత్రికుడు గాండాల్ఫ్ ఇకపై గోండోర్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలవుతుందని చెప్తాడు. వట్టి సంఖ్యలు నమ్మదగిన సాక్ష్యం కావు, ఏడులూ మూడులూ ఏ కథలోనైనా దొరుకుతాయి. ఇక్కడ మాత్రం కథలోని పాత్రే ఆ తేదీని వేలుపెట్టి చూపించింది. తొమ్మిదిమంది నల్ల రౌతులకు ఎదురుగా తొమ్మిదిమంది బృందం అన్నది కూడా అలాంటిదే, ఎల్ఫుల పెద్ద ఎల్రొండ్ నోటితోనే చెప్పిస్తారు.

ఇక ముగింపు. పర్వతం అంచున ఫ్రోడో ఓడిపోతాడు, ఉంగరం నాదే అంటాడు. గొల్లమ్ అతని వేలు కొరికి ఉంగరం లాక్కుని జారిపడతాడు. ఏ వీరుడూ చేయలేని పని జరిగిపోయింది. దానికి కారణం ఎప్పుడో, ఫ్రోడోకు ముందు ఉంగరం ఉంచుకున్న బిల్బో, తర్వాత ఫ్రోడో, చివరికి అతని తోడు సామ్ కూడా గొల్లమ్‌ను చంపకుండా వదిలేయడం. టోల్కిన్ ఉత్తరాల్లో ఈ ఘట్టాన్ని పరలోక ప్రార్థనలోని క్షమాపణ మాటలతో, శోధనలోకి తేవద్దన్న మాటతో కలిపి వివరించారు. నవలలో దేవుడి పేరు లేదు, గుడి లేదు, పూజ లేదు. కృప మాత్రం కథ నడకలోనే ఉంది. వస్తువుల జాబితా వేసుకునేవాళ్లకు ఇది ఎన్నటికీ దొరకదు, అందుకే నోటుపుస్తకంలో ‘చంపగలిగీ చంపకపోవడం’ అనే వరుస పెట్టమన్నది.

క్రీస్తు పాత్ర అని ఎప్పుడు అనొచ్చు

చనిపోయి తిరిగి రావడం ఒక్కటే సరిపోదు. తెలిసి, ఇష్టపడి వెళ్లాడా? ఇతరులకు బదులుగా వెళ్లాడా? ఆ మరణంవల్ల వాళ్లకు ఏదైనా మారిందా? నార్నియా మొదటి కథలో మూడూ ఉన్నాయి: ద్రోహం చేసిన ఎడ్మండ్‌కు బదులుగా ఆస్లాన్ తనంతట తాను వెళ్తాడు, ధర్మశాసనం చెక్కిన రాతిబల్ల పగులుతుంది, రాత్రి కాపలా ఉన్నది ఇద్దరు ఆడపిల్లలు. రౌలింగ్ చివరి నవలలో హ్యారీ మంత్రదండం ఎత్తకుండా అడవిలోకి నడుస్తాడు, ఆ తర్వాత అతని శత్రువు వోల్డెమార్ట్ మంత్రాలు బడిలోని వాళ్లమీద నిలవవు. ఇదీ గట్టిదే. పైగా గోడ్రిక్స్ హాలో శ్మశానంలోని రెండు సమాధిరాళ్ల మీద బైబిలు వాక్యాలున్నాయి. ఒకటి కడపటి శత్రువైన మరణం నశిస్తుందన్న 1 కొరింథీయులకు 15:26, రెండోది నిధి ఉన్నచోటే హృదయం ఉంటుందన్న మత్తయి 6:21. ఆ రెండూ మొత్తం వరుసకు సారమని రచయిత్రి 2007లో చెప్పారు. గాండాల్ఫ్ మాత్రం యుద్ధంలో పడి, పంపబడితే తిరిగొచ్చినవాడు. టోల్కిన్ ఒక్కరికే ఆ బరువు ఇవ్వలేదు: గాండాల్ఫ్‌కు కొంత, భారం మోసే ఫ్రోడోకు కొంత, చేతి స్పర్శతో గాయాలు మాన్పే రాజు అరగార్న్‌కు కొంత.

తెలుగు పాఠకులు జారేచోట్లు

పాము. మనకు నాగులచవితి ఉంది, పుట్టలో పాలు పోస్తాం. రౌలింగ్ నవలలో వోల్డెమార్ట్ పాము నాగిని పేరు మన మాటే కాబట్టి అర్థం కూడా మనదే అనుకుంటారు. కథలో అది చేసే పని ఆదికాండపు సర్పం వైపు నిలబడుతుంది, నాగదేవత వైపు కాదు.

చర్మం ఒలవడం. నార్నియాలో డ్రాగన్‌గా మారిన యూస్టేస్ అనే అబ్బాయి తన చర్మాన్ని మూడుసార్లు తనే ఒలుచుకుంటాడు, ప్రతిసారీ కింద మళ్లీ అదే చర్మం. చివరికి సింహం గోళ్లతో లోతుగా చీల్చి నీళ్లలో వేస్తుంది. దీన్ని చూసి గీతలోని ‘వాసాంసి జీర్ణాని’ శ్లోకం తట్టడం సహజం. కాని అక్కడ దేహి పాతబట్టలు విడిచినట్టు శరీరాన్ని విడుస్తాడు, ఇక్కడ ఇతను తనంతట తాను విడవలేకపోవడమే విషయం. నీళ్లు బాప్తిస్మం, చీల్చినవాడు వేరొకడు. పోలిక పైపైన ఉంది, పని ఎదురు దిక్కున ఉంది.

గ్రహాలు. మైఖేల్ వార్డ్ 2008లో ప్రచురించిన ‘ప్లానెట్ నార్నియా’లో ఏడు నార్నియా కథలకూ మధ్యయుగ యూరప్ ఏడు గ్రహాలను జతచేశారు: మొదటి కథకు గురుడు, ‘ప్రిన్స్ కాస్పియన్’కు కుజుడు, ‘ది సిల్వర్ చెయిర్’కు చంద్రుడు, చివరి కథకు శని, అలా. ఈ వాదాన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు, రచయిత స్వయంగా చెప్పింది కాదు కాబట్టి రెండో మెట్టు రుజువుగానే ఉంచండి. మన వారాల పేర్లలోని ఏడూ అవే అయినా గుణాలు వేరు. వాళ్ల గురుడు రాజసం, ఉల్లాసం. మన బృహస్పతి ఆచార్యుడు. వాళ్ల శుక్రుడు వీనస్ దేవి, మన శుక్రుడు రాక్షసగురువు. జాతకం పుస్తకం తెచ్చి ఆ ఏడు కథలకూ అన్వయిస్తే అంతా తప్పుతుంది.

ప్రతి, అనువాదం. రౌలింగ్ మొదటి నవల అమెరికా ముద్రణలో పేరు మార్చడంతో పరుసవేది సూచన అట్టమీదే పోయింది. బ్రిటిష్ ప్రతి వాడండి. పేర్ల అర్థాలు కూడా లాటిన్‌లో చూసుకోవాలి: ఆల్బస్ (డంబుల్‌డోర్) తెలుపు, రూబియస్ (హాగ్రిడ్) ఎరుపు, సిరియస్ ఇంటిపేరు ‘బ్లాక్’ ఇంగ్లీషులోనే నలుపు. అయిదో పుస్తకంలో నలుపు చనిపోతాడు, ఆరులో తెలుపు, ఏడులో ఎరుపు పేరున్న హాగ్రిడ్ హ్యారీని చేతులమీద మోసుకొస్తాడు. రసవాదపు వరుస సరిగ్గా అదే. అనువాదంలో ఇవన్నీ వట్టి పేర్లే.

తేలినదాన్ని రాయడం

ఒక్కో ప్రతీకకు అయిదారు వాక్యాలు మించకండి: కథలో ఎక్కడెక్కడ వచ్చింది, ఏం చేసింది, సంప్రదాయంలో ఏ గ్రంథంలో ఏ చోట ఉంది, రచయిత ఏమన్నారు, పోలిక ఎక్కడ ఆగిపోతుంది. చివరిది తప్పనిసరి. మూడు రుజువులూ ఉంటే నిశ్చయంగా రాయండి, రెండే ఉంటే ‘అనిపిస్తోంది’ అని రాయండి, పోలిక ఒక్కటే ఉంటే నోటుపుస్తకం చివరి పేజీలో ఉంచి అదే రచయిత ఇంకో పుస్తకం చదివేదాకా వదిలేయండి.

అయిదారుగురు కలిసి చదివేటట్టయితే మొదటి సమావేశంలో ప్రతీకల మాట ఎత్తొద్దు. కథ ఎక్కడ కదిలించింది, ఎవరి నిర్ణయం ఆశ్చర్యపరిచింది అన్నంతవరకే మాట్లాడుకోండి. రెండోసారికి ఒక్కొక్కరు ఒక్క వస్తువే తీసుకుని, నాలుగు గళ్లు నింపి తేవాలి. పిల్లలుంటే వాళ్లకు అర్థం చెప్పేయకుండా ‘గొల్లమ్ ఆ రొట్టె ఎందుకు తినలేకపోయాడు?’ అని మాత్రం అడిగి ఊరుకోండి.